ఆమేన్ అంటే విన్నవారి పూచీ

ప్రార్థన అయిపోయిందని తెలిపే బడిగంటలా 'ఆమేన్'ను వాడేస్తున్నాం. మొదట్లో దాని పని వేరు. ఈ హీబ్రూ మాటకు ధాతువు 3 హల్లులు: అలెఫ్, మేమ్, నూన్. కదలకుండా నిలిచేది, నమ్మదగినది అని అర్థం. నమ్మకాన్ని చెప్పే 'ఎమునా', సత్యాన్ని చెప్పే 'ఎమెత్' కూడా ఈ కుదురువే. ఈజిప్టు దేవుడు ఆమున్ పేరు నుంచి వచ్చిందనే ప్రచారానికి శబ్దం పోలిక తప్ప ఆధారం లేదు.

హీబ్రూ బైబిల్ మొత్తంలో ఆమేన్ సుమారు 30 సార్లే వస్తుంది. అందులో 12 ఒక్కచోటే ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయంలో యాజక గోత్రంవారైన లేవీయులు 12 శాపాలు పలుకుతారు. అంధుణ్ని దారి తప్పించేవాడికి ఒకటి, పరదేశికి అన్యాయపు తీర్పు చెప్పేవాడికి ఒకటి, పొరుగువాడి హద్దురాయి జరిపేవాడికి ఒకటి (మన ఊళ్లలో ఎంతమందికి తగలాలో!). ప్రతి శాపానికీ జనమంతా 'ఆమేన్' అనాలి. నేనే ఆ పని చేస్తే నాకే తగలనీ అని పూచీపడటమన్నమాట. మన 'తథాస్తు' దీనికి దగ్గరిదే. కాకపోతే తథాస్తు వరమిచ్చేవారి మాట, ఆమేన్ విన్నవారి మాట.

అందుకే క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో (14:16) క్రైస్తవ అపొస్తలుడు పౌలు ఓ ప్రశ్న వేశారు: తెలియని భాషలో ప్రార్థిస్తే వినేవాడు ఆమేన్ ఎలా అంటాడు?

యేసు మాత్రం వరస తిప్పేశారు. ఎదుటివారి మాట చివర రావలసిన ఆమేన్‌ను తన మాటకు ముందు పెట్టారు. యోహాను సువార్తలో 25 చోట్ల అది జంటగా వస్తుంది. తెలుగు బైబిల్ అక్కడ 'నిశ్చయముగా' అంటుంది కాబట్టి ఈ విశేషం మన చెవిన పడదు.

హీబ్రూ, గ్రీకు అక్షరాలకే అంకెల విలువలున్న భాషలు. హీబ్రూ ఆమేన్ 1+40+50 = 91. గ్రీకులో 1+40+8+50 = 99. ఈజిప్టులో దొరికిన తొలినాటి క్రైస్తవ ఉత్తరాలు కొన్నిటిలో ఆమేన్ రాయకుండా 99 వేసి ఊరుకున్నారు!

అరబ్బీలో ఇది 'ఆమీన్'. నమాజులో ఖురాన్ తొలి అధ్యాయమైన ఫాతిహా 7 వాక్యాలు ముగియగానే అంటారు గానీ, ఖురాన్ పాఠంలో ఆ మాట లేదు.

యూదుల ధర్మగ్రంథం బాబిలోనియా తాల్ముద్ ఆమేన్‌కు నియమాలే పెట్టింది. దీవెన వినకుండా అనేస్తే అది 'అనాథ ఆమేన్'. మరో నియమం మైకులున్నవారు వినాలి: ఆమేన్ అనేవారి గొంతు దీవించేవారి గొంతును మించకూడదు.