డిగ్రీ చివరి కచేరీకి రచనలు ఎంచుకోవడం ఎలా? - క్లారినెట్ విద్యార్థులకు కొన్ని సూచనలు



మన ట్రస్టు ఉపకార వేతనంతో చదువుకుంటున్న వారిలో ఇంజనీరింగు, వైద్యం, కామర్సు విద్యార్థులే ఎక్కువ. సంగీతం చదివేవారు తక్కువే. అయినా వారి చదువుకూ ప్రణాళిక కావాలి, ఖర్చూ ఉంటుంది. చెన్నైలో పాశ్చాత్య వాద్యాలు నేర్చుకునే పిల్లల్లో పలువురు లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షలకు వెళతారు. అందులో ఎల్.టి.సి.ఎల్. డిప్లొమా డిగ్రీ చివరి సంవత్సరం స్థాయికి సమానం. దీనికి సుమారు 40 నిమిషాల కచేరీ ఒకటి వాయించాలి. ఏ రచనలు వాయించాలన్నది విద్యార్థే నిర్ణయించుకోవాలి. సగం ఫలితం ఆ నిర్ణయంలోనే తేలిపోతుందని నా అనుభవం.

ఆమధ్య ఒక అబ్బాయి తండ్రిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. తండ్రి పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తారు. అబ్బాయి తాను వాయించదలచిన మూడు రచనల పేర్లు కాగితం మీద రాసి తెచ్చాడు. మోజార్ట్ కన్‌చెర్టో, బ్రామ్స్ మొదటి సొనాటా, డెబ్యూసీ రాప్సొడీ. మూడూ గొప్ప రచనలే. నేను పక్కనే నిమిషాలు వేశాను. 28, 22, 8. మొత్తం 58.

"తగ్గించి వాయిస్తాను మాస్టారూ" అన్నాడు.

సొనాటాలో ఒక భాగం వదిలేస్తే అది సొనాటా కాదు. వేగం పెంచితే సంగీతమే కాదు. ఈ తప్పు ఒకప్పుడు నేనే చేశాను. నా చివరి పరీక్షలో కష్టమైనవన్నీ ఒకచోట చేర్చాను. అరగంట దాటేసరికి పెదవుల పట్టు సడలి, పక్కల నుంచి గాలి కారడం మొదలైంది. బాగా వచ్చిన ఆఖరి పేజీయే పాడైంది. అందుకే ఈ నాలుగు విషయాలు చెబుతున్నాను.

1. ముందు గడియారం చూడండి. రచనల మధ్య విరామంతో సహా లెక్క వేయాలి. ఇంట్లో మొదటి నుంచి చివరి వరకు నిలబడి, ఆపకుండా వాయించి చూసుకోవాలి. విడివిడిగా వాయించిన నిమిషాలు కూడితే పెదవుల అలసట లెక్కలోకి రాదు.

2. మీ చేతిలో ఉన్న వాద్యం ఏది? మన పిల్లల దగ్గర సాధారణంగా ఉండేది బి-ఫ్లాట్ క్లారినెట్ ఒక్కటే. మోజార్ట్ 1791లో రాసిన కన్‌చెర్టోను నేడు ఎ-క్లారినెట్ మీద వాయిస్తారు. ఒక్క రచన కోసం రెండో వాద్యం కొనడం మధ్యతరగతి కుటుంబానికి తగదు. బ్రామ్స్ 1894లో రాసిన రెండు సొనాటాలు, వెబర్ 1811 నాటి కన్‌చెర్టీనో, సేన్-సాన్స్ సొనాటా, పూలాంక్ సొనాటా, ఇవన్నీ బి-ఫ్లాట్ క్లారినెట్‌కే రాసినవి.

3. పియానో వాయించేది ఎవరు? బ్రామ్స్ సొనాటాలలో పియానో కేవలం పక్కవాద్యం కాదు, సమానమైన భాగస్వామి. దాన్ని నిభాయించగల వ్యక్తి దొరకాలి. కనీసం ఐదారు సార్లు కలిసి సాధన చేయాలి, ప్రతిసారీ రుసుము ఇవ్వాలి. ఉపకార వేతనం దరఖాస్తులో పరీక్ష ఫీజు ఒక్కటే రాయకండి. పియానో సహకారం, రీడ్లు, అచ్చు నొటేషన్ పుస్తకాలు కూడా చేర్చండి. పరీక్ష గదిలోకి ఫోటోకాపీలతో వెళ్ళడం మంచిది కాదు.

4. మీలోని భిన్న గుణాలు వినిపించాలి. వేళ్ళ వేగం ఒకచోట, నిండైన నాదం ఒకచోట, చమత్కారం ఒకచోట. మూడూ ఒకే రకమైతే మూడో రచనకు కొత్తగా చూపేది మిగలదు.

ఇలా ఆలోచించి మేము కుదుర్చుకున్న కార్యక్రమం ఇది. మొదట సేన్-సాన్స్ సొనాటా, సుమారు 17 నిమిషాలు. ఆయన 1921లో, 85 ఏళ్ళ వయసులో, కన్నుమూసిన ఏడాదే రాశారు. ప్రశాంతంగా మొదలవుతుంది కనుక బెదురు తీరడానికి వీలుంటుంది. మూడో భాగంలో ఒకే రాగభావం ముందు మంద్రంలో గంభీరంగా, తర్వాత పైస్థాయిలో మెల్లగా వస్తుంది. శ్వాస మీద అదుపు ఎంతుందో అక్కడ తెలిసిపోతుంది. తర్వాత వెబర్ కన్‌చెర్టీనో, 9 నిమిషాలు, వేళ్ళ నైపుణ్యానికి. చివర పూలాంక్ సొనాటా, 13 నిమిషాలు. 1962లో రాసిన ఈ రచనను ఆయన మరణించాక, 1963 ఏప్రిల్‌లో న్యూయార్కులో బెన్నీ గుడ్‌మన్ క్లారినెట్ మీద, లెనార్డ్ బెర్న్‌స్టయిన్ పియానో మీద తొలిసారి వాయించారు. మొత్తం 39 నిమిషాలు, విరామాలతో 41. మీరు మాత్రం ఆ ఏడాది సిలబస్‌లోని జాబితా, సమయం సరిచూసుకున్నాకే ఖాయం చేసుకోండి.

మన ఊరి వాతావరణం కూడా మరవకూడదు. వేడికి క్లారినెట్ శ్రుతి పెరుగుతుంది, ఏసీ గదిలో తగ్గుతుంది. ఎండలోంచి వచ్చి చల్లటి గదిలో వెంటనే వాయిస్తే పియానోతో శ్రుతి కలవదు. కాస్త ముందుగా చేరుకుని వాద్యాన్ని ఊపిరితో వెచ్చబరచాలి. అలవాటైన రీడ్లు మూడు నాలుగు పెట్టెలో ఉండాలి.

అంతా అయ్యాక, అప్పటిదాకా మౌనంగా ఉన్న తండ్రి ఒక్క మాట అడిగారు. "మావాడు ఇంత చదివి మన పాట ఒక్కటీ వాయించడా అండీ?"

న్యాయమైన ప్రశ్న. క్లారినెట్ మనకు పరాయిది కాదు. దక్షిణాదిన నాట్యమేళాలలో ఎప్పుడో చోటు సంపాదించుకుంది. తిరుచ్చి విద్వాంసులు ఎ.కె.సి. నటరాజన్ దాని మీద గమకాలు పలికించి కర్ణాటక కచేరీ వేదికకు గౌరవం తెచ్చారు. వారి తండ్రి చిన్నికృష్ణ నాయుడు కూడా క్లారినెట్ విద్వాంసులే. 2008లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ నటరాజన్ గారికి సంగీత కళానిధి ఇచ్చింది. 2022లో పద్మశ్రీ వచ్చింది.

అయితే ఈ పరీక్ష కొలిచేది వేరు. జాబితాలో లేనిది వాయించదలిస్తే నియమాలు ముందే చూసుకోవాలి. పరీక్షకు నెలముందు మా ఇంట్లో పదిహేను మందిని కూర్చోబెట్టి ఆ అబ్బాయి చేత పూర్తి కార్యక్రమం వాయింపజేశాం. కొత్తవారి ముందు ఒకసారి వాయించడం ప్రతి విద్యార్థికీ అవసరం. చివర తండ్రి తన పాత క్లారినెట్ తీశారు. ఇద్దరూ కలిసి త్యాగరాజ కృతి ఒకటి వాయించారు. గమకం దగ్గర కొడుకు తండ్రి వేళ్ళనే చూస్తున్నాడు.

ఈ ఏడాది చివరి కచేరీకి సిద్ధమవుతున్న పిల్లలు రచనల పేర్లు, పక్కనే నిమిషాలు కాగితం మీద రాసుకుని గురువుగారికి చూపించండి. ఆ తర్వాతే సాధన మొదలుపెట్టండి. మీ అందరికీ నా శుభాశీస్సులు.