సూది పట్టిన చేయి

రోగముతో మంచము పట్టిన వానికి, మందు చేదైనను మ్రింగవలెనని ఎవరును నచ్చజెప్ప నక్కరలేదు. బాధయే ఆ పని చేయును. టీకా సంగతి అట్లు కాదు. ఆరోగ్యముతో పొలమునకో మిల్లునకో బయలుదేరిన మనుష్యుని దారిలో నిలిపి, రేపో మాపో రావచ్చునన్న వ్యాధికై నేడే నీ దండలో సూది గ్రుచ్చెదము, రెండు దినములు జ్వరము వచ్చినను ఓర్చుకొనుమనుట, ఆలోచించి చూచినచో, లోకవ్యవహారమునకు కొంత విరుద్ధమైన కోరికయే. పైగా టీకా చేసిన మేలు కంటికి కానరాదు; రాని జ్వరమును, పోని ప్రాణమును ఎవరు చూపగలరు? కీడు మాత్రము, లక్షలలో ఒకరికి కలిగినను, ఆ ఒక్కరికి పేరుండును, ఊరుండును, ఏడ్చు తల్లి యుండును. ఇట్లుండగా, మహమ్మారి కాలమున టీకాకు వెనుదీయు వారినెల్ల మూఢులని త్రోసిపుచ్చుట విద్యావంతులకు అలవాటైనది. ఆ తీర్పు ఎంత తొందరపాటుతో కూడినదో బొంబాయి ప్లేగు చరిత్రను తిరుగవేసిన వారికి తెలియకపోదు.

1894లో హాంకాంగు రేవును పీడించిన ప్లేగు, 1896 సెప్టెంబరునాటికి బొంబాయిలోని మాండ్వీ పేటలో బయటపడెను. గోవా సంతతి వాడైన డాక్టరు అకాసియో వీగాస్ దానిని మొదట గుర్తించెను. నగరము భయపడి మూటాముల్లె సర్దుకొని రైళ్లెక్కుచుండగా, అక్టోబరులో ప్రభుత్వము వాల్డెమార్ హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుని కలకత్తా వైపునుండి రప్పించెను. ఇతడు ఒడెస్సాలో జన్మించిన యూదుడు; పారిసునందలి పాశ్చర్ సంస్థలో పనిచేసి, 1893 నుండి మన దేశమున కలరా టీకాలు వేయుచుండినవాడు. గ్రాంటు వైద్య కళాశాలలో చూపిన కొద్దిపాటి చోటనే కూర్చుండి, మాంసరసమున నేతిబొట్లను తేలనిచ్చి వానినుండి ప్లేగు క్రిములు ఊడలవలె క్రిందికి వ్రేలాడునట్లు పెంచి, పిదప వానిని వేడిచే చంపి, కొద్ది మాసములలోనే టీకామందును సిద్ధపరచెను. (మన వంటింటి నేయి ప్లేగుపై యుద్ధమున ఇట్లు పాల్గొన్నదన్న మాట చాలమందికి తెలియదు.) 1897 జనవరి 10న ఆ మందును మొదట తన దేహముననే ఎక్కించుకొనెను. ఆ మాసాంతమున బైకుల్లా చెరసాలలో ప్లేగు పొడసూపగా, ఖైదీలలో ఇష్టపడిన సుమారు సగము మందికి టీకా వేయబడెను. వేయించుకొన్నవారిలో వ్యాధి, తక్కిన వారిలో కంటె చాల తక్కువగా కనబడెను.

ఇంతవరకు కథ శాస్త్రమునకు జయప్రదముగనే సాగినది. ఆ టీకాను ప్రజలపై బలవంతముగా ప్రయోగింపలేదు కూడ. అయినను అదే ప్రభుత్వము 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టమును చేసి, ఇండ్లు సోదా చేయుటకును, రోగులను ఆసుపత్రులకు, వారి బంధువులను ప్రత్యేక శిబిరములకు తరలించుటకును, రైలు స్టేషనులలో ప్రయాణికులను నిలిపి గజ్జలలో చంకలలో గడ్డలున్నవేమో యని స్త్రీలను సైతము పరీక్షించుటకును తన యుద్యోగులకు విశేషాధికారముల నిచ్చెను. పూనాలో ఆ పనికి తెల్ల సిపాయిలను దింపిరి. వంటయిల్లనక, దేవుని గది యనక బూట్లతో చొరబడుచున్నారని ఊరెల్ల అట్టుడికినట్లుడికెను. 1897 జూన్ 22 రాత్రి, విక్టోరియా రాణి వజ్రోత్సవము నాడు, ప్లేగు కమిషనరు ర్యాండును చాపేకర్ సోదరులు తుపాకితో కాల్చిరి. బొంబాయిలోనో, అంతకు మునుపే, 1896 అక్టోబరులో, మిల్లు కూలీలు గుంపుగా పోయి ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై పడిరి. సోదాకు వచ్చినవాడును, సూదితో వచ్చినవాడును ఒకే దొర మనుష్యులని తోచినప్పుడు, టీకా ఐచ్ఛికమన్న మాట ఎవరి చెవికెక్కును?

వదంతులు ఆ దారినే పుట్టినవి. సూది గజము పొడవుండునట. పొడిపించుకొన్నవాడు అక్కడికక్కడే చచ్చునట, లేదా ఆరుమాసములకు మించి బ్రతుకడట. పురుషులకు పుంస్త్వము పోవునట, స్త్రీలు గొడ్రాళ్లగుదురట. పంజాబు పల్లెలలో అయితే, సాక్షాత్తు డిప్యూటీ కమిషనరే టీకా పొడిపించుకొని అరగంటలో గిలగిల తన్నుకొని మరణించెనని చెప్పుకొనిరి. నవ్వు వచ్చు మాటలే. కాని వీని యడుగున ఒక తర్కమున్నది. తన ఇంటిని, తన స్త్రీలను, తన శవములను సైతము స్వాధీనము చేసికొనిన పరప్రభుత్వము, తన సంతతిని మాత్రము విడిచిపెట్టునా యన్న భయమే ఆ గొడ్రాలితనపు పుకారునకు మూలమని నా యభిప్రాయము. అందుచేతనే కాబోలు, పుకార్లలో తక్కినవన్నియు కాలక్రమమున మాసిపోయినను ఇది మాత్రము చావలేదు: పోలియో చుక్కల కాలమున పశ్చిమ ఉత్తరప్రదేశమున వినబడినది, కోవిడ్ కాలమున మన ఊళ్లలో మరల వినబడినది.

భయము పోగొట్టిన వారి చరిత్రయు ఈ కథలోనే కలదు. 1894లో కలకత్తాలోని కాటల్ బగాన్ బస్తీలో కలరా టీకాకు జనము శంకించుచుండగా, హాఫ్కిన్ వాదమునకు దిగక, తన చొక్కా పైకెత్తి మఱియొక వైద్యునిచేత అందరియెదుటను సూది వేయించుకొనెను. అక్కడి సుమారు 200 మందిలో 116 మంది ఆ దినమే వేయించుకొనిరి. ఆతని వెంట సిపాయిలు లేరు, స్వదేశీయులైన వైద్యులుండిరి. బొంబాయి ప్లేగులో, అప్పటికింకను ఇరువది యేండ్ల ప్రాయముననున్న మూడవ ఆగాఖాను బహిరంగముగా టీకా వేయించుకొని, ఆ వార్త తన యనుచరుల కెల్ల చేరునట్లు చేసెను. హాఫ్కిన్ ప్రయోగశాలకు తన భవనమునే ఇచ్చెను. ఖోజాలు వేలమంది ముందుకు వచ్చిరి. సూక్ష్మజీవశాస్త్రము వారికి ఒక్క దినమున బోధపడినదా? లేదు, తమవాడు వేయించుకొనెను, అది చాలినది.

మన కాలమునకు వత్తము. 2021 జనవరిలో, హైదరాబాదునందు భారత్ బయోటెక్ వారు తయారుచేసిన కోవాక్సినుకు, మూడవ దశ పరీక్షల ఫలితములు వెలువడకమునుపే అనుమతి లభించెను. జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు సందేహించినవారిలో ఆసుపత్రి సిబ్బందియు ఉండిరన్నచో, ఆ సందేహమును అజ్ఞానమని ఎట్లందుము? మార్చిలో ఫలితములు వచ్చినవి. సందేహము కొంత సడలినది. ఏప్రిలు, మే మాసములలో రెండవ విజృంభణము ఇంటింటిని తాకగా, నిన్న వలదన్నవారే టీకా కేంద్రముల యెదుట తెల్లవారుజాముననే వరుసలు కట్టిరి. అప్పుడు మందు లేదు. 45 ఏండ్లలోపు వారికి ఫోనులో పేరు నమోదు చేసికొని, దొరికిన సమయమున కేంద్రమునకు పోవలెనన్న నిబంధన యుండెను. ఫోను వాడుక తెలియని కూలివానికి అది మఱియొక తలుపు. దానికి తోడు సూది తరువాత రెండు దినములు జ్వరము వచ్చినచో రెండు దినముల కూలి పోవును. ఈ లెక్కను అపనమ్మకమని వ్రాసికొనిన అధికారులున్నారు! ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు టీకా సంకోచమునకు చెప్పిన మూడు మూలములలో నమ్మకము ఒకటి మాత్రమే. వ్యాధియెడ నిర్లక్ష్యము రెండవది, అందుబాటు మూడవది.

అదే మే మాసమున నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఒక నాటువైద్యుడు ఉచితముగా పంచిన మందుకై జనము వేలాదిగా తరలివచ్చిరి. పోలీసులకు వారిని అదుపుచేయుట దుర్లభమైనది. ఏ పరీక్షకును నిలువని మందునకు ఎగబడినవారు, పరీక్షలకు నిలిచిన టీకాను శంకించిరని పత్రికలు ఎగతాళి చేసినవి. నాకు ఆ ఎగతాళి రుచింపలేదు. ఇచ్చువాడు పొరుగూరివాడు, పైస పుచ్చుకొనలేదు, తమ భాషలో పలుకరించినాడు. ఆ మందు పనిచేయునా లేదా యన్నది వేరు ప్రశ్న; ఆ వరుసలలో నిలిచిన నమ్మకము ఎట్టిదో ఎరుగకుండ టీకాను ఎవరికి అమ్మజూపుదుము? పల్లెలలో నర్సమ్మయు, ఆశా కార్యకర్తయు ఇంటింటికి తిరిగి వేయించగలిగిన టీకాలు ఆ విధమైన నమ్మకమువలననే సాధ్యమైనవి. ఆమె చేతి చుక్కలు త్రాగిన పిల్లలు ఆ వాకిటనే ఆడుకొనుచున్నారు గదా.

అయినను ఆ నర్సమ్మనే అడుగు ప్రశ్న యొకటి యున్నది: ఏమైన అయితే ఎవరు జవాబు చెప్పుదురు? దీనికి డెన్మార్కు ఒక విధముగా సమాధానమిచ్చినది. ఆస్ట్రాజెనికా టీకా వలన అతి స్వల్పసంఖ్యాకులకు రక్తము గడ్డకట్టు వికారము కలుగుచున్నదని తెలియగానే, 2021 ఏప్రిలులో ఆ దేశము ఉన్నదున్నట్లు ప్రకటించి దాని వాడుకనే మానివేసెను. జనము బెదిరి తక్కిన టీకాలను కూడ మానుకొందురని ఊహించినవారు పొరబడిరి. ఆ సెప్టెంబరునాటికి జనాభాలో 70 శాతమునకు పైగా రెండు మోతాదులు వేయించుకొనియుండిరి.

పంజాబు వారికి అట్టి సమాధానము దొరకలేదు. 1902 అక్టోబరు 30న ముల్కోవాల్ అను గ్రామమున 107 మందికి ప్లేగు టీకా వేసిరి. వారిలో ఒకే సీసాలోని మందు ఎక్కినవారు 19 మంది. ఆ 19 మందియు ధనుర్వాతముచే మరణించిరి. తప్పు ప్రయోగశాలదేనని విచారణ సంఘము అనుమానించెను, హాఫ్కిన్ పదవి పోయెను, పంజాబున టీకా ప్రయత్నము కుప్పకూలెను. ఆ సీసాను గ్రామముననే తెరచిరనియు, తెరచునప్పుడు నేలబడిన పట్టుకారును సరిగా శుద్ధిచేయకయే మరల వాడిరనియు విచారణ సాక్ష్యములలోనే యుండెను. కాని ఆ సంగతి లోకమునకు స్పష్టపడుటకు సంవత్సరములు గడచినవి. రొనాల్డ్ రాస్ మొదలైన శాస్త్రజ్ఞులు లండను టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసి పోరాడిన తరువాత, 1907లో గాని హాఫ్కిన్ నిర్దోషియని తేలలేదు. ఆ నడుమ కాలమున పంజాబు రైతు ఏమి విని యుండును? టీకా వేసిరి, చచ్చిరి; అంతమాత్రమే. ఆ 1907లోనే ప్లేగు ఈ దేశమున మునుపెన్నడును లేనంతగా ప్రబలి, సుమారు 13 లక్షల మందిని బలిగొనెను. అందు 6 లక్షలకు పైబడి పంజాబువారే.