తెర ఎంపికలో వివేకం

మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుత్ ప్రభలు చూపరులను ఆనందపరవశులను చేస్తాయి. నరసరావుపేట పరిసర గ్రామాల ప్రజలు భక్తితో కట్టి తెచ్చే ఆ ప్రభలపై రంగురంగుల దీపాలు కింది నుంచి పైకి పరుగులు తీస్తున్నట్లు, చక్రాలై తిరుగుతున్నట్లు కనిపిస్తాయి. నిజానికి వాటిలో ఏ దీపమూ తన చోటు నుంచి కదలదు. ఒకటి ఆరిన వెంటనే దాని పక్కది వెలుగుతుంది. ఆ వరుసను చూసిన మనస్సు దానిని చలనంగా భావిస్తుంది. సినిమా తెరకు, టెలివిజన్‌కు, కంప్యూటర్ మానిటర్‌కు మూలసూత్రం ఇదే. కదలని చిత్రాలను వెంటవెంటనే చూపి కదలికను స్ఫురింపజేయడమే వీటన్నింటి రహస్యం.

అయితే సినిమాకు, కంప్యూటర్ ఆటకు ఒక ముఖ్యమైన భేదం ఉంది. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు చొప్పున ముందుగానే సిద్ధమై ఉంటాయి. వాటిని అదే వేగంతో చూపితే చాలు. కంప్యూటర్ ఆటలో ఏ చిత్రమూ ముందుగా సిద్ధమై ఉండదు. ఆడేవాడు మౌస్ కదిపినప్పుడల్లా, మీట నొక్కినప్పుడల్లా గ్రాఫిక్స్ కార్డు అనే భాగం అప్పటికప్పుడు లెక్కలు కట్టి కొత్త చిత్రాన్ని గీస్తుంది. ఇలా గీసిన ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. తెరపై ఖాళీ మైదానం మాత్రమే ఉన్నప్పుడు ఆ కార్డు సెకనుకు 100 ఫ్రేములు గీయవచ్చు. పదిమంది యోధులు, మంటలు, పొగ ఒకేసారి తెరమీదకు వచ్చినప్పుడు అదే కార్డు 50 ఫ్రేములకు దిగిపోవచ్చు. అంటే దాని వేగం క్షణక్షణమూ మారుతూ ఉంటుంది.

సాధారణ మానిటర్ అలా కాదు. దానికి ఒక స్థిరమైన తాళం ఉంటుంది. అది సెకనుకు ఎన్నిసార్లు తన చిత్రాన్ని మార్చుకోగలదో తెలిపే సంఖ్యను రిఫ్రెష్ రేటు అంటారు. దానిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. 60 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 16.67 మిల్లీసెకన్లకు ఒకసారి, 144 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 6.94 మిల్లీసెకన్లకు ఒకసారి చిత్రాన్ని మారుస్తాయి. గీసేవాని వేగం మారుతూ ఉండగా చూపేవాని వేగం మారకపోవడమే సమస్యకు మూలం.

ఈ విషయం పల్లె నుంచి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలను చేరవేసే లారీ ఉపమానంతో సులభంగా బోధపడుతుంది. ప్రతి గంటకు ఒక లారీ తప్పనిసరిగా బయలుదేరాలన్న నియమం ఉన్నదని ఊహించవచ్చు. ఒక రైతు లాటు సగం ఎక్కి, మరొక రైతు లాటు ఎక్కడం మొదలైన సమయంలో గంట మోగితే, ఒకే లారీలో ఇద్దరి సరుకు కలిసి వెళుతుంది. తెర విషయంలోనూ ఇదే జరుగుతుంది. పై సగంలో ఒక ఫ్రేము, కింది సగంలో తరువాతి ఫ్రేము కనిపిస్తాయి. రెండింటి నడుమ చిత్రం అడ్డంగా చిరిగినట్లు గీత పడుతుంది. దీనిని టేరింగ్ అంటారు.

ఈ దోషాన్ని తొలగించడానికి వచ్చిన మొదటి ఉపాయం వి-సింక్. లాటు పూర్తిగా ఎక్కనిదే లారీ కదలరాదన్నది దీని నియమం. ఇందువల్ల సరుకు కలిసిపోదు కాని, ఒక్క నిమిషం ఆలస్యమైన లాటు మరో గంటసేపు పడి ఉండవలసి వస్తుంది. ఉదాహరణకు ఒక ఫ్రేము గీయడానికి 20 మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే, 60 హెర్ట్జ్ తెర మొదటి గడువైన 16.67 మిల్లీసెకన్లు అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఆ ఫ్రేము 33.3 మిల్లీసెకన్ల దాకా ఆగవలసిందే. సెకనుకు 50 ఫ్రేములు గీయగల కార్డు సామర్థ్యం ఆ విధంగా 30 ఫ్రేములకు కుంచించుకుపోతుంది. ఆట తడబడుతుంది. చేతి కదలికకు తెర స్పందన ఆలస్యమవుతుంది.

ఈ చిక్కుకు సరియైన పరిష్కారమే అడాప్టివ్ సింక్, అనగా అవసరాన్ని బట్టి మారే రిఫ్రెష్ రేటు. ఇందులో లారీ గడియారాన్ని చూడదు, సరుకును చూస్తుంది. లాటు ఎక్కడం పూర్తయిన క్షణమే బయలుదేరుతుంది. కార్డు 20 మిల్లీసెకన్లలో ఫ్రేము గీస్తే మానిటర్ 20 మిల్లీసెకన్లకే దానిని చూపుతుంది. 12 మిల్లీసెకన్లలో గీస్తే 12 మిల్లీసెకన్లకే చూపుతుంది. చిత్రం చిరగదు, అనవసరంగా ఆగదు.

ఈ విధానం ఆటల మానిటర్లలోకి వచ్చిన తీరు గమనింపదగినది. 2013 అక్టోబరులో ఎన్విడియా సంస్థ జీ-సింక్ అనే పేరుతో దీనిని ప్రకటించింది. ఇందుకోసం మానిటర్ లోపల ఒక ప్రత్యేకమైన ఎలక్ట్రానిక్ పలకను అమర్చవలసి రావడంతో ధర పెరిగింది. 2014 జనవరిలో ఎఎండి సంస్థ ఫ్రీసింక్ పేరుతో తన పద్ధతిని ప్రదర్శించింది. అదే సంవత్సరం మే నెలలో, తెరల ప్రమాణాలను నిర్ణయించే వెసా సంస్థ అడాప్టివ్ సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది. 2015లో ఫ్రీసింక్ మానిటర్లు విపణిలోకి వచ్చాయి. 2019 జనవరి నుంచి ఎన్విడియా కూడా తన కార్డులను ఈ ఉమ్మడి ప్రమాణం గల మానిటర్లతో పనిచేయనిచ్చింది. ఈ మార్పు కొనుగోలుదారులకు మేలు చేసింది. అంతకు ముందు ఒక సంస్థ కార్డు కొన్నవారు ఆ సంస్థ ముద్ర గల మానిటర్‌నే కొనవలసి వచ్చేది. పోటీపడిన ఈ రెండు సంస్థలకూ హైదరాబాదులో ఇంజనీరింగ్ కేంద్రాలుండటం తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం.

కంప్యూటర్ ఆట నేడు కేవలం కాలక్షేపం కాదు. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వశాఖ పరిధిలోకి తెచ్చింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అవి పతకాల పోటీలుగా నిలిచాయి. కనుక గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల్లోని విద్యార్థి మంచి మానిటర్ కోరుకోవడంలో తప్పు లేదు. కాని ఆ మానిటర్‌కు చెల్లించే సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా ఆలోచింపదగినది. 2025లో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ రైతులకు క్వింటాలుకు 11,781 రూపాయల ధరను నిర్ణయించింది. ఆ లెక్కన వెయ్యి రూపాయలు అంటే ఎనిమిదిన్నర కిలోల ఎండుమిర్చి. రెండు మానిటర్ల నడుమ పదివేల రూపాయల తేడా ఉంటే, అది సుమారు రెండు టిక్కీల సరుకు. నారు పోసిన నాటి నుంచి కల్లంలో ఎండబెట్టే నాటి వరకు పడిన శ్రమ ఆ టిక్కీలలో ఉంది. ఆ సొమ్మును పెట్టె మీది పెద్ద సంఖ్యను చూసి వెచ్చించడం తగదు.

మరి దేనిని చూడాలి? అన్నిటికంటే ముందు చూడవలసినది రిఫ్రెష్ రేటు పరిధి. అడాప్టివ్ సింక్ ఎంత వేగం వద్దనైనా పనిచేయదు. లారీ తన శక్తిని మించి త్వరగా తిరిగి రాలేదు. అలాగే మానిటర్ తన గరిష్ఠ వేగాన్ని దాటలేదు. కనిష్ఠ వేగానికీ ఒక హద్దు ఉంది. ద్రవస్ఫటిక తెరపై చిత్రం ఎక్కువసేపు మార్పు లేకుండా ఉంటే దాని కాంతి చెదిరి మినుకుమంటుంది. అందుచేత 48 నుంచి 144 హెర్ట్జ్ అని, 48 నుంచి 75 హెర్ట్జ్ అని ప్రతి మానిటర్‌కూ ఒక పరిధి ఉంటుంది. ఈ రెండింటికీ గల తేడా పైకి కనిపించే దానికంటే పెద్దది. ఆట వేగం 40 ఫ్రేములకు పడిపోయిన సందర్భాన్ని తీసుకుంటే, మొదటి మానిటర్‌తో ఒక్కొక్క ఫ్రేమును రెండేసి సార్లు చూపి 80 హెర్ట్జ్ వద్ద పొందికను కాపాడుకోవచ్చు. రెండవ దానిలో 80 అన్నది గరిష్ఠమైన 75ను దాటిపోతుంది కనుక ఆ ఉపాయం పనిచేయదు. తడబాటో చిరుగో మళ్ళీ తలెత్తుతుంది. కాబట్టి గరిష్ఠ సంఖ్య కనిష్ఠ సంఖ్యకు కనీసం రెండింతలు ఉండాలన్నది గుర్తుంచుకోదగిన సూత్రం. ఈ పరిధి పెట్టె మీద సాధారణంగా కనిపించదు. తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, ఎఎండి, ఎన్విడియా సంస్థలు ప్రకటించే జాబితాలలో దానిని వెతకాలి.

రెండవది, ఇంట్లో ఉన్న కంప్యూటర్ శక్తి. ఒక విద్యార్థి కంప్యూటర్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదని, అతడు ఆడే ఆట 45 నుంచి 70 ఫ్రేముల నడుమ సాగుతుందని ఊహించవచ్చు. అతడు 240 హెర్ట్జ్ మానిటర్ కొన్నా కంప్యూటర్ గీయని ఫ్రేములను తెర సృష్టించలేదు. అతనికి 48 నుంచి 100 హెర్ట్జ్ పరిధి గల సామాన్యమైన మానిటర్ చాలు. మిగిలిన సొమ్ము మంచి గ్రాఫిక్స్ కార్డుకో, చదువుకో ఉపయోగపడుతుంది. పోటీల్లో పాల్గొంటూ, 150 ఫ్రేములకు పైగా గీయగల కార్డు ఉన్నవానికి మాత్రం 144 లేదా 180 హెర్ట్జ్ తెర నిజమైన ప్రయోజనం కలిగిస్తుంది.

తెరపై ఉండే చుక్కల సంఖ్యకూ ఈ నియమమే వర్తిస్తుంది. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు గల తెరలో మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. 4కె అని పిలిచే తెరలో అవి 82,94,400. అంటే సరిగ్గా నాలుగింతలు. ప్రతి ఫ్రేములోనూ కార్డు అంత ఎక్కువ పని చేయవలసి ఉంటుంది కనుక వేగం తగ్గిపోతుంది. సామాన్యమైన కార్డు గలవారికి 24 అంగుళాల 1080 తెర సరిపోతుంది.

మూడవది, పెట్టె మీది మాటలను పరిశీలించి చదవడం. 1 మిల్లీసెకను అన్న రాత చాలా మానిటర్ల మీద కనిపిస్తుంది. కొందరు తయారీదారులు ఒక చుక్క రంగు మారడానికి పట్టే కాలాన్ని అలా చెబుతారు. మరికొందరు తెర వెనుక దీపాన్ని ఆర్పి వెలిగించే పద్ధతిలో కొలిచిన మరొక లెక్కను చెబుతారు. సంఖ్య ఒకటే అయినా అర్థం వేరు. తెరల రకాల్లోనూ భేదాలున్నాయి. ఐపీఎస్ తెరలో రంగులు ఏ వైపు నుంచి చూసినా దాదాపు ఒకేలా ఉంటాయి. వీఏ తెరలో నలుపు చక్కగా కనిపిస్తుంది కాని, చీకటి దృశ్యాల్లో కదిలే వస్తువు వెనుక మసక జాడ మిగలవచ్చు. టీఎన్ తెర త్వరగా స్పందిస్తుంది కాని, పక్క నుంచి చూస్తే రంగులు మారిపోతాయి.

మానిటర్ కొన్న తరువాత కూడా కొన్ని పనులు మిగిలి ఉంటాయి. సరియైన తీగను వాడాలి. కొన్ని మానిటర్లలో డిస్‌ప్లేపోర్ట్ ద్వారా లభించే పూర్తి పరిధి హెచ్‌డీఎంఐ ద్వారా లభించదు. మానిటర్ సొంత పట్టికలోనూ, గ్రాఫిక్స్ కార్డు సాఫ్ట్‌వేర్‌లోనూ అడాప్టివ్ సింక్‌ను ప్రారంభించాలి. కంప్యూటర్ అమరికల్లో రిఫ్రెష్ రేటును పెంచాలి. ఇది మరచిపోయినవారు 144 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60 హెర్ట్జ్ వద్దనే ఆడుకుంటారు.

ఊరి వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. చాలా మానిటర్లను 40 డిగ్రీల ఉష్ణోగ్రత వరకు పనిచేసేలా రూపొందిస్తారు. రేకుల కప్పు కింద, గాలి ఆడని మూలలో వేసవి మధ్యాహ్నం దానిని గంటల తరబడి నడపడం మంచిది కాదు. విద్యుత్తు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే యూపీఎస్ ఉండటం మేలు. మరమ్మతు కేంద్రం గుంటూరులోనో ఒంగోలులోనో విజయవాడలోనో ఉన్నదా అన్నది, చుక్కలు పాడైతే మార్చి ఇచ్చే షరతులేమిటన్నది కొనకముందే అడిగి తెలుసుకోవాలి.

ఇదంతా ఈ ప్రాంతపు ప్రజలకు తెలియని విద్య కాదు. మిర్చి యార్డులో కొనుగోలుదారుడు టిక్కీ మీది రాతను చూసి ధర చెప్పడు. టిక్కీ విప్పించి కాయ రంగు చూస్తాడు, విరిచి చూస్తాడు, తేమ ఎంత ఉన్నదో, తాలు ఎంత కలిసిందో పరీక్షిస్తాడు. పత్తి కొనేవాడు దూదిని వేళ్ళ నడుమ సాగదీసి పింజ పొడవును అంచనా వేస్తాడు. తండ్రి పండించిన సరుకును లోకం ఇంత నిశితంగా పరీక్షించి కొంటున్నప్పుడు, ఆ సరుకు అమ్మిన సొమ్ముతో కొనే వస్తువును కుమారుడు కూడా అంతే నిశితంగా పరీక్షించాలి. అన్నిటికంటే వేగమైన తెర మంచి తెర కాదు. ఇంట్లోని యంత్రంతో కలిసి అడుగు వేయగల తెరయే మంచి తెర.