వేరు కాపురము పెట్టిన ప్రోగ్రాము

గత సంవత్సరము మా కంప్యూటరు గదిలో పదవ తరగతి విద్యార్థి యొకడు పాత పుస్తకములోని పాఠము ననుసరించి ఒక దరఖాస్తు పత్రమును సిద్ధపరుప బూనెను. పుస్తకములో నున్నది ఉన్నట్లు, అక్షరము తప్పక వ్రాసెను. అయినను యంత్రము అట్టి భాగమే లేదని బదులు చెప్పెను. బాలుడు తనదే తప్పని మిక్కిలి చిన్నబోయెను. తప్పు వానిది కాదు. ఆ పుస్తకము అచ్చయిన పిమ్మట ఆ భాగము పాత యింటిని విడిచి వేరు కాపురము పెట్టినది. అది యెందులకు జరిగెనో, ఎట్లు జరిగెనో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజెప్పుట మంచిదని తలంచితిమి.

జాంగో అనునది వెబ్‌సైట్లను నిర్మించుటకై పైతాన్ భాషలో వ్రాయబడిన సాధనముల సముదాయము. ఇది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కార్యాలయములో పుట్టి, 2005 సం. జూలైలో లోకమునకు ఉచితముగా నీయబడినది. ఇట్టి దానిని ఓపెన్ సోర్స్ అందురు. అనగా దీని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఆ మూలపాఠమును, అందులో ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో తెలుపు చరిత్రను భద్రపరచు చోటునకు రిపాజిటరీ అని పేరు. దానిని దస్తావేజుల పెట్టెతో పోల్చవచ్చును. అయితే ఈ పెట్టెలో కొట్టివేసిన పంక్తియు నశింపదు.

ఈ జాంగోలో లోకల్‌ఫ్లేవర్ అను భాగ ముండెడిది. ఒక్కొక్క దేశపు వాడుకకు సంబంధించిన వివరములు అందులో చేర్చబడినవి. మన దేశమునకై రాష్ట్రముల పట్టికయు, పిన్‌కోడును పరీక్షించు చిన్న ప్రోగ్రామును గలవు. 1972 ఆగస్టు 15న ఆరంభమైన మన పిన్‌కోడునకు అంకెలు ఆరు. ఎవరైన అయిదంకెలు వ్రాసినచో ఆ ప్రోగ్రాము ఒప్పుకొనదు. మూడంకెల తరువాత కొంచెము ఎడము విడిచినచో ఒప్పుకొనును. విద్యార్థులకు వినోదము కలిగించు మాట యొకటి. ఇందులో ప్రతి దేశమునకు రెండక్షరముల గుర్తు పెట్టిరి. మన దేశపు గుర్తు 'ఇన్'. కాని పైతాన్ భాషలో 'ఇన్' అనునది వ్యాకరణ పదమగుటచే దానిని పేరుగా వాడరాదు. అందుచే మన గుర్తునకు చివర నొక అడ్డగీతను తోకవలె తగిలించిరి. ఐస్లాండునకును, 'ఇజ్' అను గుర్తు మూలమున, ఇదే యవస్థ కలిగినది!

ఇక చిక్కు ఎక్కడ వచ్చినది? జాంగో ముఖ్య నిర్వాహకులు వెబ్‌సైట్ల పనిలో నిపుణులే కాని ప్రతి దేశపు వాడుకను ఎరిగినవారు కారు. పోలండు పౌరుల గుర్తింపు సంఖ్యలో చివరి అంకె మొదటి పది అంకెలనుండి లెక్కగట్టబడును. ఆ లెక్కలో తప్పున్నదని ఒకరు సవరణ పంపినచో, అది సరియో కాదో తేల్చువారెవరు? పైగా ఒక్క పేరును మార్చినను, అది జాంగో యొక్క తరువాతి విడుదలతో గాని జనులకు చేరదు. ఆ విడుదలకు నెలలు పట్టును.

ఇది స్వల్ప విషయమని కొందరనుకొందురు. మేమట్లు తలంపము. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత కొంతకాలము మా విద్యార్థులలో కొందరు ఒక దరఖాస్తులోని పట్టికలో తమ రాష్ట్రపు పేరు కానక పాత పేరునే ఎన్నుకొనిరి. తరువాత రెండు పత్రములలో రెండు పేర్లు పడి పొసగకపోగా, తండ్రులు కూలి మానుకొని కార్యాలయముల చుట్టు తిరిగిరి. పట్టికను కనిపెట్టి యుండు దిక్కు లేనప్పుడు కష్టము ఎవరి యింటికి వచ్చునో మేము కన్నులార చూచితిమి.

తెలంగాణ యేర్పడుటకు ముందే, 2013 ఫిబ్రవరిలో వెలువడిన జాంగో 1.5తో, లోకల్‌ఫ్లేవరును వేరుచేయుచున్నామని నిర్వాహకులు ప్రకటించిరి. దీనిని చిరకాలము చక్కగా పోషించుట తమవలన కాదనియు, అనువాదముల పనివలెనే దీనిని శ్రద్ధగలవారికి అప్పగింతుమనియు ఒప్పుకొనిరి. చేతగానిదానిని చేతగాదని చెప్పుట గౌరవమే. కాని నవంబరులో వచ్చిన 1.6 విడుదలలోనే దానిని తొలగించిరి. మామూలుగా నిచ్చు గడువుకంటె ఇది తక్కువ. ఈ తొందర మాకు నచ్చలేదు. పాత పుస్తకములు కొని చదువుకొనువారికి అమెరికాలోని ప్రకటనలు వెంటనే చేరవు గదా.

వేరుచేయుట యనగా కాగితములను ఒక పెట్టెనుండి మరియొక పెట్టెలో పడవేయుట కాదు. గిట్ అను సాధనమునకు ఒక్క భాగమును మాత్రము దాని పూర్వచరిత్రతో సహా విడదీయు శక్తి గలదు. చరిత్ర లేని నకలు పనిచేయును గాని, ఫలాని పంక్తి ఏల వ్రాయబడినదో కొత్తవానికి తెలియదు. తెలియక దానిని తీసివేసిన, ఎన్నడో సరిదిద్దిన తప్పు మరల తల యెత్తును. చరిత్రతోపాటు పరీక్షించు పాఠములును, అనువాదములును, వ్రాసినవారి హక్కును తెలుపు లైసెన్సు పత్రమును వెంట పోవలెను. విడుదల చేయు అధికారము ఎవరి చేతిలో నుండునో ముందే నిశ్చయించుకొనవలెను. ఇది మరచిన, కొత్త యిల్లు తాళము చెవి లేని యిల్లగును.

మొదట దేశమున కొకటి చొప్పున చిన్న చిన్న రిపాజిటరీలుగా పంచిరి. అది అతిగా పంచుకొనుటయని మా యభిప్రాయము. అన్ని యిండ్లకు అన్ని దీపములు కావలెను. ప్రతి యింట దీపము పెట్టువాడు దొరకునా? తరువాత వాటినన్నిటిని జాంగో-లోకల్‌ఫ్లేవర్ అను పేర ఒక్క చోట చేర్చిరి. అది జాంగో విడుదలకై కనిపెట్టుకొనక తనంతట తాను విడుదల యగుచున్నది. సవరణ తెలిసినవారెవరైనను, మన యూరివారైనను, దానికి పంపవచ్చును.

మా బాలుని సంగతి చెప్పవలసియున్నది. వాడు ఆ కొత్త ప్యాకేజీని తెచ్చుకొని, తన మొదటి పంక్తిలో 'జాంగో' అనియు 'కంట్రిబ్' అనియు నున్న రెండు మాటలు తీసివేసెను. పాత పుస్తకపు పంక్తులు మరికొన్ని సవరింపవలసి వచ్చి, ఆ పనికి సాయంకాలము వరకు పట్టెను. పిమ్మట పత్రము తెరచుకొన్నది. వాడు పిన్‌కోడును పరీక్షింపక ముందుగా రాష్ట్రముల పట్టికను క్రిందివరకు చదివి, తెలంగాణ పేరు కనబడగానే ప్రక్కవానిని పిలిచి చూపెను.