పటం కట్టిన పూర్వీకులు

చార్మినార్ నుండి లాడ్ బజారు మీదుగా పడమటికి నడిస్తే హుస్సేనీ ఆలం వస్తుంది. అక్కడ ఒక సందులో పటాలు కట్టే చిన్న దుకాణం ఉంది. మా నాయన ఫోటోకు పగిలిన అద్దం మార్పించుకోవడానికి ఆ మధ్య అక్కడికి వెళ్ళాను. గోడకు ఒకపక్క తుగ్రాలు, మరొకపక్క కాశ్మీరు సరస్సుల బొమ్మలు. వాటి మధ్య కొత్త చట్రంలో బిగించిన ఒక బొమ్మ. ఎవరో ఉపాధ్యాయుడు బడి కోసం కట్టించుకుంటున్నాడట. వంగి నడిచే వానరం మొదలు నిటారుగా నడిచే మనిషి వరకు ఒకరి వెనుక ఒకరు సాగిపోతున్న వరుస అది. మనందరం ఎరిగిన బొమ్మే.

చట్రానికి మేకు కొడుతూ దుకాణదారు తన దక్కనీ ఉర్దూలో అడిగాడు: "సాబ్, ఇంతమంది నడుస్తున్నారు గదా, ఒక్క ఆడమనిషి లేదేం? మరి వెనకవాడి నుండి ముందువాడు ఎట్లా పుట్టాడు?"

అప్పటికి నవ్వి ఊరుకున్నాను. కాని అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు.

ఈ బొమ్మ చరిత్ర కొంత తెలుసుకోవాలి. 1965లో అమెరికాలోని టైమ్-లైఫ్ ప్రచురణ సంస్థ 'ఎర్లీ మాన్' అనే పుస్తకం వెలువరించింది. రచయిత మానవశాస్త్రజ్ఞుడు ఎఫ్. క్లార్క్ హోవెల్. అందులో మడతలు విప్పి చూడవలసిన పొడవాటి బొమ్మను రుడాల్ఫ్ జాలింగర్ అనే చిత్రకారుడు వేశాడు. మొత్తం 15 ఆకారాలు, అన్నీ మగవే. నాలుగు కాళ్ళ మీద నడిచే వానరాలను కూడా పోలిక కోసమే నిలబెట్టి చూపామని అక్కడే రాశారు. కొన్ని జాతులు మన వంశానికి చెందని పక్క కొమ్మలని కూడా రాశారు. కాని లోకం బొమ్మను తీసుకుంది, వివరణను వదిలేసింది. జీవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గూల్డ్ 1989లో ఇటువంటి బొమ్మల మీద గట్టి విమర్శ చేశాడు. పరిణామం మెట్ల వరుస కాదు, గుబురుగా కొమ్మలు వేసిన పొద అన్నది ఆయన వాదన సారాంశం.

ఈ వరుసలో మనిషి రూపానికి మొదటి మెట్టుగా చూపిన 'రామాపిథెకస్' సంగతి చూడండి. 1932లో శివాలిక్ కొండల్లో దొరికిన దవడ ముక్కకు పెట్టిన పేరది. మన పాఠ్యపుస్తకాలు దానిని చాలాకాలం మానవుడి పూర్వీకుడనే చెప్పాయి. 1982లో పాకిస్తాన్‌లో దొరికిన ఒక కపాలాన్ని పరిశీలించిన తరువాత అది ఒరాంగుటాన్ వైపు బంధువని తేలింది. అలాగే నియాండర్తల్ మనకు ఒక అడుగు వెనుక నడిచినవాడు కాడు, మనతో ఒకే కాలంలో బ్రతికినవాడు. 2010లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారం ఆఫ్రికా బయటి ప్రజలందరిలోనూ అతని వారసత్వం కొద్దిపాటిగా ఉంది. వరుసలో వెనుక నిలబెట్టిన వ్యక్తి నిజానికి మన ఇంటి వియ్యంకుడు.

ఇది కేవలం శాస్త్ర సంబంధమైన సవరణ అనుకుంటే పొరపాటు. 2018లో ఒక కేంద్రమంత్రి, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు గనుక డార్విన్ సిద్ధాంతం తప్పు అన్నాడు. ఆయన ఖండించింది డార్విన్‌ను కాదు, ఈ పటాన్ని. ఇప్పటి కోతి మనిషి అయిందని డార్విన్ అనలేదు. ఇద్దరికీ ఒకే పూర్వీకుడు ఉన్నాడన్నాడు. 2023లో పదవ తరగతి కేంద్ర పాఠ్యపుస్తకం నుండి పరిణామ పాఠం తొలగించారు. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన తెలిపారు. పాఠం పోయి పటం మాత్రం మిగిలితే పిల్లవాడికి దక్కేది ఆ మంత్రిగారి డార్వినే.

ఇక వరుసను నడిపించినది ఏది అన్న ప్రశ్న ఉంది. పటంలో దానికి జవాబు లేదు. కాళ్ళు వాటంతటవే నడుస్తున్నట్టు కనిపిస్తాయి. ఎంగెల్స్ 1876లో రాసిన, ఆయన మరణానంతరం 1896లో అచ్చయిన వ్యాసంలో, ముందు చేతులకు స్వేచ్ఛ వచ్చింది, శ్రమ మొదలైంది, మెదడు తరువాత పెరిగింది అని వాదించాడు. అందులో కాలం చెల్లిన అంశాలు లేకపోలేదు. జీవితకాలంలో ఆర్జించిన లక్షణాలు సంతానానికి సంక్రమిస్తాయన్న భావం అలాంటిది. కాని ముందు మెదడే పెరిగిందని నమ్మిన పండితులు 1912 నాటి పిల్ట్‌డౌన్ కపాలాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అది బూటకమని 1953లో గాని తేలలేదు. 1974లో ఇథియోపియాలో దొరికిన 'లూసీ' అస్థిపంజరం సుమారు 32 లక్షల ఏళ్ళనాటిది. ఆమె మెదడు చిన్నది, నడక మాత్రం రెండు కాళ్ళ మీద. దుకాణదారు అడిగిన ఆడమనిషి ఈమే అనుకోవచ్చు.

రచయితలుగా మనకు ఇందులో పని ఏమిటి? మన కథల్లో, నవలల్లో ఆదివాసిని ఎక్కడ నిలబెడుతున్నామో చూసుకోండి. 'ఆదిమానవుడిలా బ్రతుకుతున్నాడు' అని జాలిగానే రాస్తాం. ఆ ఒక్క వాక్యంతో మన సమకాలికుణ్ణి పటంలోని వరుసలో వెనక్కి నెడతాం. అతని భూమి ఎవరు లాక్కున్నారన్న ప్రశ్న అక్కడితో అడుగున పడిపోతుంది. అభ్యుదయమంటే వరుస తనంతట తాను ముందుకు నడవడమని నమ్మేవాడికి పోరాటంతో పని ఉండదు.

నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74 వేల ఏళ్ళ క్రితం సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద పొర కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరికాయి. ఆ వివరాలు 2007లో ప్రకటించారు. ఆ పనిముట్లు చేసినవారి ఎముకలు మాత్రం దొరకలేదు. వారి ముఖం పటం కట్టడం ఎవరివల్లా కాదు. మిగిలింది వారి చేతి పని.

ఫోటో తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజున దుకాణదారుకు లూసీ సంగతి చెప్పాను. ఆయన మెచ్చలేదు. "మరి ఆమెను కూడా వెయ్యొచ్చు గదా" అన్నాడు. వెయ్యవచ్చు. కాని వరుసలో ఒక ఆడమనిషిని చేర్చినంత మాత్రాన సరిపోదు, వరుసనే చెరిపి పొదను గీయాలి. ఏ రచన చేతికి వచ్చినా మన విమర్శకులు ముందు అడగవలసినది మాత్రం ఆయన ప్రశ్నే: ఇందులో ఎవరు లేరు?