తడి మట్టి, తగ్గని జ్వరం



తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వెదికేవారు కనబడతారు. సేద్యపు పనులూ అప్పుడే మొదలవుతాయి. మన విశ్వాసుల్లో అనేకుల చేతులు, కాళ్లు తడి మట్టిలోనే ఉండే కాలమిది. అందుకే మట్టి నుండి వచ్చే ఒక అరుదైన న్యుమోనియా గురించి సంఘాలు తెలుసుకోవాలి. దాని పేరు మెలియాయిడోసిస్. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాలు జరిగినప్పుడు ఈ వ్యాధినే అనుమానించారు.

ఇది కొత్త రోగం కాదు. 1911లో రంగూనులో విట్‌మోర్, కృష్ణస్వామి అనే వైద్యులు దీనిని గుర్తించారు. దీని బ్యాక్టీరియా తడి నేలలో, నిలువ నీటిలో బ్రతుకుతుంది. చర్మం మీది గాయం ద్వారా, తాగే నీటి ద్వారా, గాలివానలో పీల్చే తుంపరల ద్వారా ఒంట్లోకి చేరుతుంది. ఆరోగ్యవంతుల్లో చాలామందికి ఏమీ కాదు. షుగరు ఉన్నవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, మద్యానికి బానిసలైనవారికి, చాలాకాలం స్టెరాయిడ్ మందులు వాడేవారికి ఇది ప్రాణాంతకం కాగలదు.

జ్వరం, దగ్గు, ఛాతీనొప్పి, బరువు తగ్గడం దీని లక్షణాలు. చూడటానికి క్షయలా ఉంటుంది గనుక పొరపాటు పడే అవకాశం ఎక్కువ. రక్తం లేదా కళ్లె కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా బయటపడుతుంది. సాధారణ న్యుమోనియా మందులు చాలాసార్లు దీనిపై పనిచేయవు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ సూదిమందు కనీసం 10 నుండి 14 రోజులు, తరువాత మాత్రలు మూడు నెలలైనా వాడాలి. నెమ్మదించిందని మధ్యలో ఆపితే రోగం తిరగబెడుతుంది.

ఇది మనిషి నుండి మనిషికి అంటుకోవడం బహు అరుదు. కాబట్టి రోగి ఇంటికి వెళ్లడానికి భయపడవద్దు. శాపమని మాటలాడవద్దు. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అయినా యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. ప్రార్థన, మందు ఒకదానికొకటి విరోధం కాదు.

షుగరున్న సహోదరీ సహోదరులారా, పొలంలో బూట్లు వేసుకోండి. గాయానికి కట్టు కట్టుకోండి. నీళ్లు కాచి తాగండి. జ్వరం తగ్గకపోతే కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లి, మీకు షుగరుందనీ మట్టిలో పనిచేస్తారనీ డాక్టరుకు తప్పక చెప్పండి. తోడు ఎవరూ లేనివారితో సంఘంలో ఒకరు వెళ్లండి. అదియు పరిచర్యే.