చెరకు సీమలో చేపకు ఊపిరి



బోధన్ దిక్కున ఒక చెరువు కట్టను మనసులో ఊహించుకోండి. చలి వెళ్ళి ఎండలు ముదిరే రోజులు. రైతు తెల్లవారుజామున పొలానికి పోతూ కట్ట మీద ఆగినాడు. చేపలు పట్టే ముసలాయన నీటి అంచున తల పట్టుకొని కూర్చున్నాడు.

"ఏంది కాకా, పొద్దుగాల్నే గిట్ల కూసున్నవు?"

"ఏం జెప్పాలె పటేలా! నిన్న పొద్దుమీకిదాంక మంచిగనే ఉండె. తెల్లారేసరికి శాపలన్ని నోర్లు తెర్సుకొని మీదికొచ్చినయి. పెద్ద పెద్ద బొచ్చెలు ఎల్లకిల పడ్డయి."

"ఎవలన్న మందు కలిపిండ్రేమో?"

"మందు గాదు పటేలా. మందు కలిస్తే కొర్రమట్ట గూడ సచ్చేది. ఇగో, కొర్రమట్ట బతికే ఉన్నది. ఇది ఊపిరాడక వొయిన సావు."

ఆ ముసలాయన బడికి పోయినవాడు కాడు. అయినా ఆయన చెప్పిన మాట శాస్త్రజ్ఞుడు పరీక్ష చేసి చెప్పే మాటే. చేపకు ఊపిరి ఎక్కడి నుండి వస్తుంది, అది ఎట్లా పోతుంది, దానిలో మన చేయి ఎంత, మనం చేయగలిగిందేమిటి? ఈ నాలుగు సంగతులే ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

మనం పీల్చే గాలి ఒక లీటరు తీసుకుంటే అందులో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. అదే 25 డిగ్రీల వెచ్చదనం గల మంచినీళ్ళు ఒక లీటరు తీసుకుంటే అందులో కరిగి ఉండేది 8 మిల్లీగ్రాములు మాత్రమే. అంటే మనకున్న దానిలో ముప్ఫయ్యో వంతు కూడా కాదు. నీళ్ళు వేడెక్కినకొద్దీ ఆ కాస్తా ఇంకా తగ్గుతుంది. బొచ్చె, రోహు, మృగాల వంటి చేపలు లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే హాయిగా మేసి పెరుగుతాయి. అది 3కు దిగితే మేత మానుతాయి. ఒకటి, రెండు మిల్లీగ్రాములకు వచ్చిందంటే పైకి వచ్చి నోరు తెరుస్తాయి, అట్లాగే కొంతసేపు ఉంటే చనిపోతాయి. కొర్రమట్ట సంగతి వేరు. మొప్పలు కాక దానికి తలలో గాలిని పట్టే అర ఒకటి ఉన్నది. నీటిలో ఊపిరి లేకపోతే పైకి వచ్చి బయటి గాలి పీల్చుకొని బతుకుతుంది. మార్పు చేప కూడా అంతే. అందుకే బొచ్చె చచ్చి కొర్రమట్ట బతికితే అది విషం కాదు, ఊపిరి కరువు అని ముసలాయన తేల్చినాడు.

నీటిలోకి ప్రాణవాయువు రెండు దారుల్లో వస్తుంది. గాలి వీచి అలలు లేచినప్పుడు పై నుండి కొంత కలుస్తుంది. పగటిపూట ఎండలో నీటిలోని పాచి, మొక్కలు కొంత విడుస్తాయి. పొద్దు గూకిన తరువాత ఆ పాచి, ఆ మొక్కలే తిరిగి ప్రాణవాయువును వాడుకోవడం మొదలుపెడతాయి. చేపలూ వాడుతాయి, అడుగు బురదలోని సూక్ష్మజీవులూ వాడుతాయి. రాత్రంతా ఖర్చే గాని రాబడి స్వల్పం. కనుక తెల్లవారే వేళకు చెరువు సంచి ఖాళీ అవుతుంది. చేపలు సాధారణంగా తెల్లవారుజామునే తేలడానికి కారణం ఇదే.

ఇక చెరకు సీమ మాటకు వద్దాము. చక్కెర విషం కాదు గదా, చక్కెర కలిసిన నీళ్ళు చేపను ఎట్లా చంపుతాయని మీకు సందేహం రావచ్చు. ఇక్కడనే అసలు కిటుకు ఉన్నది. నీటిలో తీపి పడగానే సూక్ష్మజీవులకు పండుగ. అవి కోట్లాదిగా పెరిగి ఆ తీపిని తింటాయి. తినడానికి వాటికి ప్రాణవాయువు కావలె. లెక్క చూడండి: ఒక కిలో చక్కెర పూర్తిగా కరిగి కుళ్ళిపోవడానికి సుమారు 1,120 గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. లీటరుకు 8 మిల్లీగ్రాముల చొప్పున చూస్తే ఇది లక్షా నలభై వేల లీటర్ల నీటిలో ఉన్న ఊపిరి అంతా అన్నమాట! ఇరవై అడుగుల వెడల్పు గల గుండ్రని బావిలో పదహారు అడుగుల నీళ్ళు ఉన్నాయనుకోండి. ఒక్క కిలో చక్కెర ఆ బావి ఊపిరినంతా తాగగలదు. మన నోటికి తీపి అయినదే చేపకు ఉరి అవుతున్నది.

చక్కెర కర్మాగారంలో యంత్రాలు, నేల కడిగిన నీళ్ళలో కొంత రసం, కొంత మడ్డి, కొంత నూనె కలుస్తాయి. శుద్ధి చేయని అటువంటి నీరు లీటరు కుళ్ళిపోవడానికి వెయ్యి మిల్లీగ్రాముల పైచిలుకు ప్రాణవాయువు కావలె. మొలాసిస్ నుండి సారా తీసే చోట మిగిలే ఎర్రని నీళ్ళు ఇంకా ఘాటు. లీటరుకు నలభై వేల మిల్లీగ్రాములు దాటుతుంది. అంటే ఆ ఎర్రనీళ్ళు ఒక్క లీటరు, అయిదు వేల లీటర్ల మంచినీటి ఊపిరిని లాగుకుంటుంది.

దీనికి తోడు కాలం కూడా కలిసిరాదు. చెరకు గానుగ ఆడేది చలికాలంలో మొదలై ఎండాకాలం దాకా. వానాకాలంలో వాగు నిండుగా పారితే మలినం పలచబడి కొట్టుకుపోతుంది. గానుగ ఆడే నెలల్లో మాత్రం వాగు సన్నగిల్లి దారమంత అవుతుంది. మలినం ఎక్కువగా వచ్చే రోజుల్లోనే దానిని కలుపుకొనే నీళ్ళు తక్కువ.

మన ప్రాంతపు నీటి కథను ఒకసారి తలచుకోండి. మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్ళు చెరకును తెచ్చినాయి. చెరకు 1937లో బోధన్ శక్కర్‌నగర్‌కు నిజాం షుగర్ ఫ్యాక్టరీని తెచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. చెరకు వేసిన రైతులెందరో వరికి మళ్ళినారు. తెరిపించాలని రైతులు అడుగుతూ వచ్చినారు. అడగడం న్యాయమే. అయితే గానుగ తిరిగినా తిరగకపోయినా మన నీళ్ళు మాత్రం ఆగవు. పొలం నుండి ఒర్రెకు, ఒర్రె నుండి వాగుకు, వాగు నుండి మంజీరకు పోతాయి. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుండి ఆ నీళ్ళు శ్రీరామసాగరానికి చేరుతాయి. 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన పోచంపాడు ఆనకట్ట అదే. ఇక్కడ మనం వదిలింది అక్కడ వల వేసేవాని చేపకు తగులుతుంది.

ఫ్యాక్టరీ మూతబడితే చేపకు కష్టం తీరిందని అనుకోరాదు. ఊపిరి తీసే దారులు ఇంకా మూడున్నాయి.

మొదటిది ఊరి మురుగు. పట్టణపు మురుగునీరు లీటరుకు సుమారు 200 నుండి 300 మిల్లీగ్రాముల ప్రాణవాయువును తింటుంది. అంటే ఒక బిందె మురుగుకు దాదాపు ముప్ఫై బిందెల మంచినీళ్ళ ఊపిరి పోతుంది. నిజామాబాద్ పట్టణం గుండా పోయే పులాంగ్ వాగు వంటివి ఎండాకాలంలో ఈ భారాన్ని ఎంత మోయగలవో మీరే ఆలోచించండి.

రెండవది మన పొలమే. మడిలో వేసిన యూరియా, భాస్వరం వాన నీటితో జారి చెరువులో పడితే అక్కడ పైరుకు బదులు పాచి పెరుగుతుంది. నీళ్ళు పచ్చగా చిక్కబడతాయి. పగలు చూస్తే చెరువు బలంగా ఉన్నట్లే కనిపిస్తుంది. రాత్రి ఆ పాచే ఊపిరి తాగుతుంది. అది చచ్చి కుళ్ళితే ఇంకా తాగుతుంది. ఈ ఎరువు తిని గుర్రపుడెక్క కూడా కమ్ముకుంటుంది. దక్షిణ అమెరికా నుండి పువ్వు అందానికి మన దేశానికి తెచ్చిన మొక్క అది. నీటి మీద దుప్పటి కప్పినట్లు పరుచుకొని ఎండనూ గాలినీ నీటికి తగలనివ్వదు.

మూడవది పూడిక. నిజాంసాగర్ కట్టిననాడు దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టేది. 1970ల నాటికి ఒండ్రు చేరి 12 టి.ఎం.సి.ల లోపుకు దిగింది. తరువాత ఎత్తు పెంచి 17.8కు తెచ్చినారు. ఎగువ భూముల్లో గట్లు లేక కొట్టుకొచ్చిన మన్నే ఇదంతా. లోతు తగ్గిన నీళ్ళు త్వరగా వేడెక్కుతాయి. వేడినీళ్ళలో ఊపిరి తక్కువ అని ముందే చెప్పుకున్నాము గదా. పైగా బొచ్చె, రోహు వంటివి గుడ్లు పెట్టేది వానాకాలపు పారే వరద నీటిలో. ఆనకట్ట అడ్డం వచ్చిన చోట అవి ఎదురెక్కలేవు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురిగారు సూదిమందుతో చేపలచేత గుడ్లు పెట్టించిన తరువాతనే పిల్లలను కేంద్రాల్లో తయారుచేసి చెరువుల్లో వదలడం సాధ్యమైంది. మన రాష్ట్రంలో 2016 నుండి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం కూడా మొదలైంది. కాని ఊపిరి లేని చెరువులో పిల్లలను వదలడం తడి లేని దుక్కిలో విత్తనం చల్లినట్లే.

మరి మనం చేయవలసిందేమిటి?

బెల్లం వండేవారు పొయ్యి వద్ద తీసిన తెట్టును, పెనం కడిగిన నీళ్ళను ఒర్రెలోకి వదలకండి. గుంత తవ్వి చెరకు ఆకు, పేడతో కలిపి మగ్గబెట్టండి. నీటిలో శత్రువైనది నేలలో ఎరువవుతుంది. వరి మడికి ఎరువు వేసిన తరువాత కొన్ని రోజులు నీళ్ళు బయటికి పోకుండా గండ్లు పూడ్చండి. మబ్బు పట్టిన రోజున ఎరువు చల్లకండి, మందు కొట్టకండి. స్ప్రేయరు, మందు డబ్బాలు వాగులో కడగవద్దు. సింథటిక్ పైరిథ్రాయిడ్ జాతి పురుగుమందులు చేపకు, రొయ్యకు మహా విషం. అప్పుడు వచ్చేది ఊపిరి కరువు కాదు, నిజమైన విషపు చావే.

గుర్రపుడెక్క పది మొక్కలున్నప్పుడే లాగి గట్టు మీద ఎండబెట్టండి. చెరువంతా కమ్మినాక ఒకేసారి మందు కొట్టి చంపితే ఆ మొక్కలన్నీ నీటిలోనే కుళ్ళి, ఉన్న ఊపిరి కూడా పోతుంది. కొంత కొంతగా బయటికి తీయడమే మేలు.

తెల్లవారి చేపలు నోరు తెరిచినట్లు కనబడితే మేత, పేడ వెంటనే ఆపండి. కాలువ నుండి కొత్త నీళ్ళు పెట్టే వీలుంటే పెట్టండి. లేకపోతే మోటారుతో అదే చెరువు నీళ్ళు తోడి పై నుండి చిమ్మినట్లుగా తిరిగి చెరువులోనే పడేయండి. గాలిలో చిందిన నీరు ఊపిరి పట్టుకొస్తుంది.

కార్యకర్తలకు ఒక మాట. చెరువును మధ్యాహ్నం చూసి బాగున్నదని రాయకండి. తెల్లవారకముందు వెళ్ళండి. చేప చచ్చిన చోట నాలుగు సంగతులు అడగండి: ఏ వేళ చచ్చినవి, ముందు పెద్దవా చిన్నవా, కొర్రమట్ట బతికిందా, నీటి వాసన ఎట్లా ఉన్నది. తెల్లవారుజామున, పెద్ద చేపలు ముందు పోయి, కొర్రమట్ట మిగిలితే ఊపిరి కరువని అనుమానించండి. వేళాపాళా లేకుండా, చిన్నవి ముందుగా, అన్ని జాతులూ పోతే విషమని అనుమానించండి. ఆ వెంటనే నీటి నమూనా తీసి పరీక్షకు పంపితే గాని రుజువు దొరకదు. అడుగు బురదలో తూనీగ పిల్లలు, నత్తలు, రొయ్యలు కనబడితే చెరువుకు ప్రాణం ఉన్నట్లు. ఎర్రని సన్నపురుగులు తప్ప మరేమీ లేకపోతే ఊపిరి చాలాకాలంగా కరువైనట్లు.

ఇక చక్కెర ఫ్యాక్టరీ మాట. ఎక్కడ గానుగ తిరిగినా రైతులు ధర అడుగుతారు, బకాయి అడుగుతారు. వాటి పక్కన ఇంకొకటి అడగండి: నీళ్ళు ఎక్కడికి పోతాయి? 1974లో వచ్చిన జలకాలుష్య నివారణ చట్టం ఉన్నది. చక్కెర కర్మాగారం నీరు వాగులోకి వదలాలంటే లీటరుకు 30 మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువును తినరాదు. పొలానికి పారించాలంటే 100కు మించరాదు. ఇది జరగని పని కాదు. చెరకులో ముప్పాతిక వంతుకు దగ్గరగా నీరే ఉంటుంది. ఆ నీటినే శుభ్రం చేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఎర్రనీళ్ళను మూసిన తొట్లలో మగ్గబెడితే మంటకు పనికివచ్చే గ్యాసు వస్తుంది. ఫిల్టరు మడ్డి పొలానికి బలం. చెరకు రైతుల సమావేశానికి చేపలు పట్టేవారి సంఘాన్ని కూడా పిలవండి. ఒకరి పంట ఒకరి చావు కావలసిన పని లేదు.

కట్ట మీద కూర్చున్న ముసలాయనకు ఆ రోజు పోయింది ఒక ఏడాది కూలి. నీటి కింద జరిగేది మన కంటికి కనబడదు. చేప నోరు తెరిచి చెప్పినప్పుడైనా మనం వినవలె. రేపు తెల్లవారుజామున పొలానికి పోతూ ఒక్క క్షణం మీ చెరువు కట్ట మీద ఆగి చూడండి.